కోనేరు దగ్గర చెప్పులు విప్పినం. మన ఊరి బావి దగ్గర?

 

పోస్టు పొడుగుంటది. సగం దాకా చదివి దండం బొమ్మ పెట్టి పోయే అలవాటు మన గ్రూపులో చాలామందికి ఉంది, మాకూ ఉంది. ఈ ఒక్కసారి చివరిదాకా చదవండి. తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

పదిహేను రోజుల కింద ఇక్కడ ఒక వీడియో తిరిగింది. కేస్లాపూర్ కోనేరు దగ్గర తీసింది. అర నిమిషం కూడా లేదు. వెనక సినిమా పాట, నీళ్ల మీద పసుపు రంగు అక్షరాలు: "మహిమగల బావి, ఈ నీళ్లు తాగితే ఏ రోగమైనా మాయం." తీసినవాడు బయటోడు కాదు, మనోడే, డిగ్రీ చదువుతున్నడు. దాని కింద పెద్ద లొల్లి నడిచింది. ఒకరు జై నాగోబా అన్నరు. ఇంకొకరు "పీజీలు చదివి కూడా బావికి మొక్కుడేంది, అందుకే మన బతుకులు ఇట్లున్నయి" అన్నరు. మరొక అన్న "కోనేరు చుట్టూ గ్రానైట్ వేయాలె, రంగు లైట్లు పెట్టాలె, సెల్ఫీ పాయింట్ కట్టాలె, అప్పుడే మన జాతికి పేరొస్తది" అని రాసిండు. ముగ్గురికీ లైకులు బాగనే పడ్డయి.

మేం ఈ ముగ్గురితోనూ ఒప్పుకోం. అయితే హాస్టల్ రూంలో మంచం మీద కూర్చొని ఒప్పుకోం అనుడు సులువు. అందుకే పోయిన ఆదివారం ఆరుగురం కలిసి కేస్లాపూర్ పోయినం. నలుగురం ఒక హాస్టల్, పక్క హాస్టల్ నుంచి అక్కలు ఇద్దరు. మాలో మెస్రం ఇంటిపేరు ఒక్కరిదే. ఇద్దరు మడావి, ఒకరు ఆత్రం, ఒకరు కొలాం, ఒకరు తోటి. ముత్నూరు దగ్గర బస్సు దిగి లోపలికి నడిచినం. జాతర అయిపోయి నెల దాటింది. రంగులరాట్నాలు లేవు, మిఠాయి దుకాణాలు లేవు, మైకులు లేవు. దుకాణాలు తీసేసిన చోట గుంజల గుంతలు, గాలికి లేస్తున్న కవర్లు, అంతే.

గ్రూపులో భద్రాచలం వైపు, పాడేరు వైపు వాళ్లు కూడా ఉన్నరు కాబట్టి కోనేరు సంగతి కొంచెం చెప్పాలె. తెలిసినవాళ్లు ఓపిక పట్టండి.

నాగోబా మెస్రం వంశం దేవుడు. పుష్య అమావాస్య నాడు మహాపూజ. దానికి చాలా రోజుల ముందే మెస్రం పెద్దలు ఝారి తీసుకొని, తెల్లబట్టలతో, కాళ్లకు చెప్పుల్లేకుండా, ఊరూరా ఆగుకుంట జన్నారం మండలం కలమడుగు దగ్గర గోదావరిలోని హస్తినమడుగుకు నడిచిపోతరు. అక్కడ నీళ్లు నింపుకొని మళ్లీ నడిచే వస్తరు. వచ్చేటప్పుడు ఆ ఝారి నేలకు తగలొద్దు. ఆగిన చోట చెట్టుకు వేలాడదీస్తరు. ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేసి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద దిగుతరు. ఆ గోదావరి నీళ్లతోనే దేవుడికి అభిషేకం. టీవీల్లో, పేపర్లలో ఇది బాగా వస్తది.

కోనేరు సంగతి అంతగా రాదు. అది ఆ మర్రిచెట్లకు దగ్గర్లోనే ఉంది. మెస్రం ఆడబిడ్డలు, అల్లుళ్లు పెద్దల ఆశీర్వాదం తీసుకొని, డోలు, పెప్రే మోగుతుంటే వరుసగా పోయి, కొత్త కుండల్లో అక్కడి నీళ్లు ముంచుకొస్తరు. ఆ నీళ్లతో పుట్టమట్టి కలిపి పుట్టలు చేస్తరు. కుండలు బజార్లో కొన్నవి కావు. సిరికొండ కుమ్మరులు చేసినవి. కుండలు చేయమని చెప్పడానికి మెస్రం పెద్దలే సిరికొండ పోతరు. వంశంలో 22 కితలున్నయి. వంట పొయ్యిల దగ్గర కూడా ఎవరి వంతు వాళ్లకే ఉంటది, ఇష్టమొచ్చినట్టు ఎవరు పడితే వాళ్లు ఎక్కడ పడితే అక్కడ పొయ్యి పెట్టరు.

ఇదంతా చదివితే మీకేం అర్థమైంది? మాకైతే ఒకటి అర్థమైంది. ఆ నీళ్ల చుట్టూ ఒక కట్టుబాటు ఉంది. ఎవరు ముంచాలె, ఎప్పుడు ముంచాలె, దేంతో ముంచాలె, ఆ కుండ ఎవరు చేయాలె, ఆ నీళ్లు దేనికి వాడాలె, అన్నీ తేల్చి పెట్టి ఉన్నయి. ఆడబిడ్డకు వాటా ఉంది, అల్లుడికి వాటా ఉంది, వేరే కులపు కుమ్మరికి కూడా వాటా ఉంది. ఏ కాగితం మీదా లేదు, ఏ పోలీసూ కాపలా లేడు, అయినా తరాలుగా నడుస్తున్నది. ఈ నీళ్లు తాగితే రోగం పోతదని మాలో ఎవరి ఇంట్లోనూ ఏ పెద్దమనిషీ చెప్పలేదు. అది ఆ వీడియో తీసిన తమ్ముడు యూట్యూబ్‌లో వేరే గుళ్ల వీడియోలు చూసి పెట్టిన మాట. వాళ్ల దేవుడి దగ్గర ఏ మాట నడుస్తదో అదే మాట తెచ్చి మన పేన్ నెత్తిన పెట్టిండు. తమ్ముడూ, నీమీద కోపం లేదు. కానీ ఆ వీడియో తీసెయ్. ఎందుకో చెప్తం.

మేం కోనేరు దగ్గరికి పోయినప్పుడు అక్కడ ఒక తాత కూర్చొని ఉన్నడు. మేం చెప్పులు దూరంగానే విప్పి పోయినం. మాలో ఒకరు ఫోన్ తీసిన్రు, తాత చూసి ఏమీ అనలేదు, ఫోన్ వాళ్లే లోపల పెట్టుకున్నరు. రాం రాం చెప్పుకున్నం. ఏ ఊరు, ఏ ఇంటిపేరు, ఎన్ని దేవుళ్ల సగ, అన్నీ అడిగిండు. చుట్టరికం కలిపిండు. తర్వాత గోండిలో ఒక మాట అడిగిండు. దాని తెలుగు ఇది: "ఇక్కడ చెప్పులు విప్పిన్రు, మంచిదే. మీ ఊరి బావి దగ్గర కూడా విప్పుతరా?"

మేం నవ్వినం. తాత నవ్వలేదు. ఆయన నిజంగనే అడుగుతున్నడు.

తిరిగి ముత్నూరు దాకా నడిచొస్తుంటే మాలో ఎవరం సరిగ్గా మాట్లాడలేదు. ఎందుకంటే ఆరుగురి ఊళ్లలో నాలుగు ఊళ్లకు బావి ఉంది, కానీ దాని దగ్గర చెప్పులు విప్పేదాని సంగతి పక్కకు పెట్టండి, దాని దగ్గరికి పోయి ఎంత కాలమైందో కూడా యాదికి లేదు. మాలో ఒకరి గూడెం బావిలో ఇప్పుడు నీళ్ల మీద పచ్చటి పాకుడు, అందులో పత్తి మందు డబ్బాలు తేలుతున్నయి. ఎవరు వేసిన్రు? సర్కారు వేసిందా, షావుకారు వేసిండా? మనమే. పత్తికి మందు కొట్టినంక పంపు కడిగేది బావి గట్టు మీదనే. డబ్బా విసిరేది అందులోనే. ఒకప్పుడు ఆ బావికి కూడా మొదటి బిందె ముంచే ముందు పసుపు బొట్టు పెట్టేవాళ్లని మా అవ్వలు చెప్తరు. ఇంకొకరి గూడెంలో బావి పూడిపోయి మేకలు పడకుండా ముళ్లకంప వేసిన్రు. అక్కడ బోరింగ్ ఉంది, నూరుసార్లు కొడితే ఒక బిందె, ఆ నీళ్లు పొద్దున నింపితే సాయంత్రానికి బిందె అడుగున ఎర్రమన్ను. నల్లాలు కూడా ఉన్నయి. ఇంటింటికీ ఉన్నయి. వాటికి మా పిల్లలు బర్రెల తాళ్లు కడుతున్నరు.

కొలాం గూడెం మా మిత్రుడిది గుట్ట మీద. ఎండాకాలంలో వాళ్లకు వాగులో చెలిమె ఒక్కటే దిక్కు. ఇసుక తోడి, ఊరేదాకా కూర్చొని, చిప్పతో గిన్నెలో పోసుకుంట, గిన్నెతో బిందెలో పోసుకుంట. ఒక బిందె నిండడానికి ఎంతసేపో వాడినడిగితే, "అక్కడ గడియారం చూడం, నీడ చూస్తం" అన్నడు. వాడి అక్క తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. పరీక్షలో తప్పి కాదు. ఇంట్లో అమ్మకు నడుము పోయింది, నీళ్లు మోయడానికి ఇంకొక మనిషి కావాలె. వాడు మాత్రం చదివిండు. వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. ఇది వాడే చెప్పుకొని బాధపడే మాట: "నేను మోయాల్సిన బిందె కూడా అక్కనే మోసింది."

మాలో ఇంకొకరి తమ్ముడు వానాకాలంలో వాంతులు విరేచనాలతో పోయిండు. కొత్త నీళ్లు వాగులో కలిసిన వారం. ఆరేండ్లు. దాని గురించి ఇంతకన్నా రాయం.

ఇప్పుడు ఆ వీడియో సంగతికి వద్దాం. ఈ నీళ్లు తాగితే ఏ రోగమైనా మాయం అని రాసిన తమ్ముడూ, నీళ్లతో రోగం వచ్చి చచ్చిపోతున్న జాతి మనది. నీళ్లతో రోగం పోతదని మనమే సినిమా పాట పెట్టి ప్రచారం చేస్తే, రేపు మన గూడేనికి మంచినీళ్లు అడిగితే అధికారి ఏమంటడు? మీకు మహిమగల నీళ్లున్నయి కదా అంటడు. నవ్వుకుంట అంటడు. కోపం తెచ్చుకునే మొహం కూడా మనకుండదు.

ఇక రెండో అన్న, మూఢనమ్మకం అన్న అన్న. అన్నా, నీకు అంబేడ్కర్ అంటే ప్రాణమని మాకు తెలుసు, నీ ప్రొఫైల్ ఫొటో కూడా ఆయనే. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువుకు ఆయన వేలమందితో ఎందుకు పోయిండు? ఆ నీళ్లలో ఏదో మహిమ ఉందని పోలేదు. దాహమై కూడా పోలేదు. నీళ్లను ఎవరు ముట్టుకోవచ్చో తేల్చేది ఎవరు అనే ప్రశ్న మీద పోయిండు. కోనేరు దగ్గరున్నది కూడా అదే ప్రశ్న. అక్కడ తేల్చేది మనవాళ్లు. ఆదిలాబాద్ జిల్లాలో ఇన్ని ఊళ్లున్నయి, ఇన్ని చెరువులున్నయి, నీళ్ల మీద ఆదివాసీ పెద్దల మాట చెల్లే జాగాలు ఎన్ని ఉన్నయో వేళ్ల మీద లెక్కపెట్టు. ఆ కొన్నిట్లో ఒకదాన్ని పట్టుకొని నువ్వే మూఢనమ్మకం అంటే ఎట్ల? మొక్కడం ఇష్టం లేకపోతే మొక్కకు. మాలో కూడా ఇద్దరు మొక్కరు. కానీ కట్టుబాటును, నమ్మకాన్ని ఒకే గంపలో వేసి పారబోయకు. నీ గూడెం బావిలో మందు డబ్బాలు తేలకుండా ఆపగలిగే కట్టుబాటు నువ్వు చదివిన పుస్తకాల్లో ఏదైనా ఉంటే చెప్పు, దాన్నే పెట్టుకుందాం.

ఆ కట్టుబాటులో లోపాలు లేవని మేం అనడం లేదు. ఒక లోపం మమ్మల్నే పొడుస్తది. జాతరలో ఆడబిడ్డ నెత్తిన కుండ ఉంటే డోలు కొడతం, పెప్రే ఊదుతం, దారి ఇస్తం. ఎండాకాలంలో అదే ఆడబిడ్డ నెత్తిన రెండు బిందెలు, చంకన పిల్ల ఉంటే మనం ఎక్కడుంటం? చెట్టు కింద ఫోన్‌లో ఉంటం. హాస్టల్ నుంచి ఇంటికి పోయినప్పుడు మాలో నలుగురు మగపిల్లలం ఎన్నిసార్లు బిందె ఎత్తినం అని పక్క హాస్టల్ అక్కలు దారిలోనే అడిగిన్రు. అబద్ధం చెప్పలేకపోయినం. కుండ మోసుడు ఆడబిడ్డ గౌరవం అని పుష్య మాసంలో చెప్పి, వైశాఖంలో ఆమెకు ఊరికే వదిలేసే గౌరవం ఏం గౌరవం అని వాళ్లు అడిగిన్రు. జవాబు ఉన్నోళ్లు కింద రాయండి. మా దగ్గర లేదు.

మూడో అన్నకు కొంచెం ఎక్కువ రాయాలె. గ్రానైట్ అన్న. నీ మాటలో ప్రేమ ఉంది, ఒప్పుకుంటం. కేస్లాపూర్ పెద్దగా కనిపించాలని నీ కోరిక. కానీ గ్రానైట్‌కు నీళ్లు ఊరవు అన్నా. మన ఇంద్రవెల్లి, ఉట్నూర్ వైపు నేల కింద నల్లరాయి ఉంది, దక్కన్ బసాల్ట్ అని జాగ్రఫీలో చదివినం కదా. మన చేతితో తవ్విన బావులన్నీ ఆ రాయి పైన మెత్తబడ్డ పొర మీద, రాయి పగుళ్ల మీద బతుకుతయి. పైన గుట్ట మీద చెట్టుంటే వాన నిలబడి మెల్లగా దిగుతది, బావిలో ఊట ఉంటది. గుట్ట బోడైతే వాన ఉరికిపోతది, వాగు నాలుగు రోజులు పొంగి ఎండిపోతది, బావి మాఘంలోనే అడుగంటుతది. చుట్టూ లోతు బోర్లు పడితే ఇంకా తొందరగా. అంటే బావిని కాపాడాలంటే చూడాల్సింది గట్టు కాదు, గుట్ట. గట్టుకు టైల్స్ వేసి, చుట్టూ లాడ్జీలు వచ్చి, లాడ్జీకొక బోరు పడితే, పదేండ్ల తర్వాత మెస్రం ఆడబిడ్డలు కొత్త కుండలతో వచ్చి దేంట్లో ముంచాలె? ట్యాంకర్ నీళ్లు పోసి నింపిన కోనేట్లోనా?

ఇంకొక మాట. పేరు రావడానికి గ్రానైట్ కావాలంటవు. మెస్రం వంశం వాళ్లు ఇంటింటికీ చందాలు వేసుకొని, కోట్ల రూపాయలు కూడబెట్టి కొత్త గుడి కట్టుకున్నరు, 2022లో అది తెరిచిన్రు. ఎవరి దగ్గరా చేయి చాచలేదు. తలుచుకుంటే కట్టుకోగలిగినవాళ్లే వాళ్లు. కోనేరుకు ఏం కావాలో, ఏం వద్దో వాళ్లకు తెలియదనుకోకు. మనం హాస్టల్ నుంచి సలహా పంపే ముందు వాళ్లనొకసారి అడగాలె. మేమైనా అంతే, ఇక్కడ మేం రాస్తున్నది కోనేరును ఏం చేయాలని కాదు. దాని సంగతి దాని వాళ్లు చూసుకుంటరు. మేం మాట్లాడేది మన మన గూడెం బావి గురించి.

దర్బారు గురించి కూడా రాయాలె, లేకపోతే సగమే రాసినట్టు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను చంపినంక, గోండులు ఎందుకు తిరగబడ్డరో తెలుసుకోవడానికి నిజాం సర్కారు హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆ తర్వాత 1940లలోనే నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. అధికారులే మన దగ్గరికి వచ్చి, కూర్చొని, కష్టం వినాలని. వినడం మంచిదే. ఎనభై ఏండ్ల నుంచి వింటనే ఉన్నరు. ఈసారి మాలో ఇద్దరం దర్బారు దాకా ఉన్నం. ఒకరం మా గూడెం నీళ్ల గురించి దరఖాస్తు కూడా ఇచ్చినం. తీసుకున్నరు, చీటీ ఇచ్చిన్రు, నెల దాటింది, ఎవరూ రాలేదు. వేదిక మీద పెద్దవాళ్లందరి ముందు సీల్ వేసిన నీళ్ల సీసాలు వరుసగా పెట్టి ఉన్నయి. దేవుడి దగ్గర గోదావరి నీళ్లకు, కోనేరు నీళ్లకు మొక్కి వచ్చిన చేతులే ఆ మూతలు తిప్పినయి. తప్పు అనడం లేదు, ఎవరి పానం వాళ్లకు తీపి. ఆ సీసాలో ఉన్నంత శుభ్రమైన నీళ్లు మా గూడెంలో కూడా కావాలని మాత్రమే అడుగుతున్నం. మొక్కిన నీళ్లను తాగడానికి భయపడే పెద్దమనిషి, మేం తాగే నీళ్ల గురించి ఒక్కరోజైనా భయపడాలె కదా.

జల్, జంగల్, జమీన్. టీషర్టుల మీద వేసుకుంటం, స్టేటస్ పెడతం. మొదటి మాట జల్. భూమి గురించి మనవాళ్లు కొట్లాడిన్రు, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో తూటాలు తిన్నరు. 1/70 చట్టం గురించి గ్రూపులో రోజూ మాట్లాడుతం. అడవి గురించి పోడు పట్టాల దగ్గర మాట్లాడుతం. నీళ్ల గురించి మాత్రం జాతరప్పుడు పాట పెట్టి వీడియో తీస్తం.

చదువుకున్నందుకు మన పని ఏందంటే చట్టంలో ఏముందో గూడేనికి చెప్పుడు. మా అమ్మనాన్నలకు చదువు రాదు, వాళ్ల తప్పు కాదు. మాకు వస్తది, చదవకపోతే మా తప్పే. అందుకే రెండు చట్టాలు ముందు వేసుకొని కూర్చున్నం. తేలింది ఇది.

1996 పెసా చట్టం. మన సంప్రదాయాలను, కట్టుబాట్లను, ఉమ్మడి వనరులను కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని అందులో నేరుగా రాసి ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీల చేతిలో పెట్టాలని కూడా ఉంది. అంటే బావి గట్టు మీద పంపు కడగొద్దు, మందు డబ్బా వేయొద్దు, ఫలానా గుట్ట మీద చెట్టు కొట్టొద్దు అని గూడెం తీర్మానం చేసుకుంటే అది ముసలోళ్ల మాట అని ఎవరూ తీసేయలేరు. మన రాయ్ సెంటర్ పెద్దలు చెప్పేదీ, చట్టం చెప్పేదీ ఇక్కడ ఒక్కటే.

2006 అటవీ హక్కుల చట్టం. ఇది చూసి మాకు నిజంగా కోపం వచ్చింది. మా కొలాం మిత్రుడి గూడేనికి పైపు ఎందుకు రాలేదని ఎప్పుడడిగినా "మధ్యలో ఫారెస్ట్ ఉంది, పర్మిషన్ రాదు" అనే జవాబే. వాళ్ల నాన్నకూ అదే చెప్పిన్రు, వీడికీ అదే చెప్తున్నరు. ఆ చట్టంలో సెక్షన్ 3(2) తెరిచి చదవండి. అడవి భూమిలో సర్కారు చేయదగ్గ 13 రకాల పనులు రాసి ఉన్నయి. బడి, దవాఖాన, అంగన్‌వాడీ, రోడ్డు, కరెంటు తీగలు. వాటితో పాటు చెరువులు, చిన్న నీటి వనరులు, తాగునీటి సరఫరా, నీళ్ల పైపులైన్లు కూడా. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టొద్దు, గ్రామసభ సిఫారసు ఉండాలె. ఇవీ షరతులు. చట్టం వచ్చి ఇరవై ఏండ్లు. "పర్మిషన్ రాదు" అని చెప్పినవాళ్లు అడిగి రాలేదని చెప్పిన్రా, అడగకుండనే చెప్పిన్రా? వాళ్ల నాన్న అడగలేకపోయిండు. ఆ సెక్షన్ నంబరు ఆయనకు తెలియదు. ఇప్పుడు వీడికి తెలుసు. అదే చట్టం సెక్షన్ 5లో నీటి వనరులను, వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడే అధికారం గ్రామసభకు ఉందని రాసింది. అంటే మేం పైన చెప్పిన గుట్ట సంగతే.

ఇక్కడ కొందరు అంటరు, తీర్మానాలు కాగితాలే, ఏమైతది అని. నిజమే, ఒక కాగితంతో నీళ్లు రావు. కానీ దర్బారులో ఒక్కడు ఇచ్చిన దరఖాస్తు వేరు, గ్రామసభ తీర్మానం వేరు. దరఖాస్తు అంటే అడుక్కునుడు. తీర్మానం అంటే మేం ఇట్ల నిర్ణయించినం, మీ పని మీరు చేయండి అనుడు. మన దరఖాస్తు చీటీకి జవాబు రాలేదని కూర్చున్నం, అసలు తీర్మానం చేసి పంపినమా? మాలో ఎవరి గూడెమూ పంపలేదు. ముందు మమ్మల్ని మేమే తిట్టుకున్నం.

ఇక పని. ఎండాకాలం సెలవులకు అందరం ఇంటికి పోతం. పోయినంక మూడు పనులు చేద్దామని మా ఆరుగురం అనుకున్నం. మీరు కూడా కలిస్తే మంచిది. మొదలు మన గూడెం బావి, చెలిమె, బోరింగ్, నల్లా ఏ నెలలో ఎట్లున్నయో అవ్వనడిగి నోట్‌బుక్‌లో రాసుడు. అవ్వకే తెలుస్తది, సర్పంచ్‌కు తెలియదు. పూడిక తీయగలిగే బావి ఉంటే పటేల్‌తో, దేవారితో మాట్లాడి, ఊరంతా కలిసి తీసుడు. మందు డబ్బాలు మనమే ఏరి తీద్దాం, మనమే వేసినం కాబట్టి. ఆ బావిలో మొదటి బిందె ముంచే రోజు పసుపు బొట్టు పెట్టాలో వద్దో మీ అవ్వలే చెప్తరు. పైపు, ట్యాంకు, కొత్త బావి ఏది కావాలన్నా గ్రామసభ కూర్చోబెట్టి, ఆడవాళ్లు ముందు వరుసలో ఉండేటట్టు చూసి, తీర్మానం రాసి, సంతకాలు, వేలిముద్రలు పెట్టించి, ఒక కాపీ ఊళ్లో ఉంచుకొని పంపుడు. ఈ మూడిట్లో ఏది ముందు అనేది ఊరిని బట్టి. కొలాం గూడెంలో బావే లేదు, వాళ్లకు పైపు తీర్మానమే ముందు.

అటవీ హక్కుల చట్టం సెక్షన్లు పెట్టి, తెలుగులో తీర్మానం నమూనా ఒకటి రాస్తున్నం. అక్కలిద్దరే రాస్తున్నరు, వాళ్ల చేతిరాత బాగుంటది, మా తెలుగు కంటే వాళ్ల తెలుగూ బాగుంటది. వచ్చే ఆదివారం ఫొటో తీసి ఇక్కడ పెడతం. గోండిలో, కొలామిలో చదివి వినిపించడానికి వాయిస్ కూడా రికార్డు చేస్తం, ఎందుకంటే గ్రామసభలో తెలుగు కాగితం చదివితే మా అమ్మలు తలూపుతరు కానీ అర్థం కాదు. పర్ధాన్ మిత్రులు ఎవరైనా కికిరి మీద ఒక నీళ్ల కథ చెప్పి పంపితే దాన్ని కూడా గ్రామసభకు ముందు వినిపిద్దాం. పాత కథలు మీ పెద్దవాళ్ల దగ్గర ఉంటయి, అడగండి.

కింద కామెంట్‌లో జై అని రాయొద్దు. మీ గూడెం పేరు, మండలం, బావి ఉందా లేదా, ఉంటే ఏ నెల దాకా నీళ్లుంటయి, ఇది మాత్రం రాయండి. సిగ్నల్ లేని గూడేల వాళ్ల గురించి తెలిసినవాళ్లు వాళ్ల తరఫున రాయండి. వీడియో తీసిన తమ్ముడూ, నీ ఊరి పేరు మొదలు రాయి. మీ ఊళ్లో బావి ఉందని, దాంట్లో ఇంకా ఊట ఉందని మీ ఊరి పిల్లే చెప్పింది.